టీషర్టు మీద ‘బైతు’ అని వేయించుకోవాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది మడకశిర దగ్గర ఒక చిన్న ఊరు. బెంగళూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్‌ని. చేరిన మొదటి వారం జట్టంతా కలిసి మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కాం. లోపలికి వెళ్లేటప్పుడు టోకెన్‌ను గేటుకు తాకిస్తే చాలని నాకు తెలీదు, సందులో వెయ్యబోయాను. వెనకాల లైను ఆగిపోయింది. మా కెప్టెన్ తెలుగువాడే, మారతహళ్లిలో పుట్టి పెరిగాడు. “ఒరే బైతూ, తాకించరా చాలు” అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి నా పేరు బైతు. కన్నడం కుర్రాళ్లకు అర్థం తెలీదు, అదే నా పేరనుకుని పిలుస్తారు. పోయిన నెల వేరే కాలేజీలో ఆడితే మైకులో కూడా “బైతు రైడ్‌కి వస్తున్నాడు” అన్నారు. కూతకు పోయేటప్పుడు అది వింటే ఒక్కోసారి ఊపొస్తుంది, ఒక్కోసారి కాలు ఆగిపోతుంది. ఇప్పుడు దసరా టోర్నమెంటుకు కొత్త టీషర్టులు చేయిస్తున్నారు, వీపు మీద అందరివీ ముద్దుపేర్లే. నాది వద్దంటే కెప్టెన్ “అమెరికాలో పెద్ద పెద్ద ప్లేయర్లకే రూబ్ అని పేరుండేది, అంటే పల్లెటూరోడనే, వాళ్లు ఫీలయ్యారా? బ్రాండ్ అవుతుందిరా” అంటున్నాడు. మా అమ్మా నాన్నా ఆ మ్యాచ్‌కి వస్తామన్నారు. జట్టులో అందరికీ ఇట్లాంటి పేర్లున్నాయి. కలబురగి నుంచి వచ్చిన ఒకణ్ణి మేమంతా జొన్నరొట్టె అంటాం, వాడేమీ అనుకోడు. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా? యాస కూడా మార్చుకోమంటున్నారు. శనివారం ప్రింటింగ్‌కి ఇస్తారట. ఏం చెయ్యమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు, బెంగళూరు

సమాధానం:

నాయనా,

ప్రింటింగ్ శనివారమే అంటున్నావు కాబట్టి ముందు జవాబు చెప్పేసి తర్వాత కారణాల్లోకి వెళ్తాను. టీషర్టు మీద ఆ పేరు వేయించుకోవద్దు. ప్రాక్టీసులో పిలిస్తే పిలవనీ, దానికోసం జట్టుతో తగువు పెట్టుకోనక్కర్లేదు. టీషర్టు మీద, మైకులో, స్కోరు షీటులో మాత్రం వద్దు.

ఎక్కువ ఆలోచిస్తున్నానా అని అడిగావు. లేదు. ఒక్కోసారి ఊపొస్తుంది, ఒక్కోసారి కాలు ఆగిపోతుంది అన్నావు చూడు, ఆ మాట కోసమే ఇంత రాస్తున్నాను. కూతకు వెళ్లినవాడికి ఉండేదే 30 సెకన్లు. అందులో అర సెకను కాలు తడబడితే కార్నర్‌లో కాచుకుని ఉన్నవాడు మడమ పట్టేస్తాడు. నీ మనసులో ఏముందో కెప్టెన్‌కి తెలీకపోవచ్చు, నీ కాలికి మాత్రం తెలిసిపోయింది.

ఇక మీ కెప్టెన్ వాదన. వాడు చెప్పింది అబద్ధమేమీ కాదు, కాకపోతే సగమే చెప్పాడు. తక్కిన సగం నేను చెప్తాను, నీకు పనికొస్తుంది.

అమెరికా బేస్‌బాల్‌లో 1900 ప్రాంతాల్లో రూబ్ అనే పేరు చాలామంది ఆటగాళ్లకు నిజంగానే ఉండేది. రూబెన్ అనే పేరును పొట్టిగా అంటే రూబ్. రూబెన్ అనగానే పొలం నుంచి నేరుగా వచ్చినవాడని అక్కడి పట్నంవాళ్ల లెక్క. హిక్ అనేదీ అట్లాంటిదే, రిచర్డ్ అనే పేరుకు పాత ముద్దుపేరు. హేసీడ్ అని ఇంకొకటి ఉంది, బట్టలకు గడ్డిగింజలు అంటుకుని అట్లాగే ఊళ్లోకి వచ్చేసినవాడన్నమాట. మన దగ్గర మాత్రం తక్కువా? తెలుగులో బైతు, కన్నడంలో హళ్ళి గుగ్గు, తమిళంలో పట్టికాట్టాన్, హిందీలో దేహాతీ. బెంగళూరు హాస్టళ్లలో ఈ నాలుగూ ఒకే కారిడార్‌లో వినబడతాయి.

ఆ కాలంలో అమెరికాలో ఆటగాళ్లు పొలాల నుంచి, బొగ్గు గనుల నుంచి, నూలుమిల్లుల నుంచి వచ్చేవాళ్లు. టికెట్టు కొని చూసేవాళ్లూ పత్రికల్లో రాసేవాళ్లూ పట్నాల్లో ఉండేవాళ్లు. పేర్లు పెట్టింది, పెట్టినవాటిని దేశమంతా మోయించింది చాలావరకు ఆ రాసేవాళ్లే. అట్లాగని ఆ పట్నంవాళ్లు తరతరాలుగా పట్నంవాళ్లా అంటే అదీ కాదు. అక్కడ పట్నవాసుల సంఖ్య పల్లెవాసులను దాటింది 1920 జనాభా లెక్కల్లోనే. నిన్నగాక మొన్న ఊరు వదిలి వచ్చినవాడే ఇవాళ దిగినవాణ్ణి చూసి నవ్వాడు. శుక్రవారం రాత్రి మడివాళలో కడప బస్సుకో చిత్తూరు బస్సుకో నిలబడే మనవాళ్లను చూస్తే ఇదేమీ వింత అనిపించదు. మీ కెప్టెన్ కూడా సంక్రాంతికి తాతగారి ఊరు వెళ్లి అరుగు మీద కూర్చుని ఫోన్ సిగ్నల్ కోసం వెతుక్కునేవాడే అయి ఉంటాడు.

రూబ్‌లందరిలోకీ పెద్ద రూబ్ జార్జ్ ఎడ్వర్డ్ వాడెల్. 1876లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. ఎడమచేతి పిచ్చర్, మన భాషలో బౌలర్ అనుకో. 1904 సీజన్లో 349 స్ట్రైకవుట్లు చేశాడు, అంటే అన్నిసార్లు బ్యాటర్‌ను బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. ఎడమచేతివాళ్లలో ఆ లెక్కను దాటడానికి 1965 దాకా పట్టింది, శాండీ కూఫాక్స్ 382 చేసి దాటాడు. అరవై ఏళ్లు నిలబడ్డ రికార్డు! కానీ వాడెల్ పేరెత్తితే జనం ముందుగా చెప్పేది ఇది కాదు. రోడ్డు మీద ఫైరింజన్ గంట వినబడితే ఆట సంగతి మరిచిపోయి దాని వెంట పరిగెత్తేవాడని చెప్తారు. గ్యాలరీలో ఎవరైనా కుక్కపిల్లను చూపిస్తే దాన్నే చూస్తూ నిలబడిపోయేవాడని చెప్తారు. వీటిలో ఎన్ని నిజమో ఎన్ని పత్రికలవాళ్ల మసాలానో ఇప్పుడు విడదీయడం కష్టం. మనిషి పేరే రూబ్ అయ్యాక ఎంత వింత కథ చెప్పినా చెల్లిపోతుంది మరి. అతనికి తాగుడు ఉండేది, డబ్బు చేతిలో నిలిచేది కాదు. ఇంకొకరి విషయంలో అయితే అయ్యో అనేవాళ్లు, ఇతని విషయంలో అవి కూడా జోకులే అయ్యాయి.

1912లో మిసిసిపీ నదికి వరద వచ్చింది. అప్పుడు వాడెల్ కెంటకీ రాష్ట్రంలో హిక్‌మన్ అనే ఊళ్లో ఉన్నాడు. ఊరు మునగకుండా చన్నీళ్లలో నిలబడి జనంతో పాటు ఇసుక బస్తాలు పేర్చాడు. దాంతో న్యుమోనియా పట్టుకుంది. ఆరోగ్యం మళ్లీ కుదుటపడలేదు, చివరికి క్షయ తీసుకుపోయింది. 1914 ఏప్రిల్ 1న పోయాడు, అప్పటికి 37 ఏళ్లు. “వాళ్లు ఫీలయ్యారా?” అని మీ కెప్టెన్ అడిగాడు కదా. అడిగినవాళ్లెవరు? వాడెల్‌ను నవ్వించమన్నవాళ్లే గానీ, నీకు ఈ పేరు ఇష్టమేనా అని అడిగినవాళ్లు నాకు ఎక్కడా కనబడలేదు.

బ్రాండ్ అవుతుందన్న మాటలో మాత్రం కొంత నిజం ఉంది, కాదనను. రిచర్డ్ మార్క్వార్డ్ అని ఇంకో పిచ్చర్ ఉన్నాడు. క్లీవ్‌లాండ్ నగరంలో పెరిగాడు, పల్లెతో ఏ సంబంధమూ లేదు. కుర్రాడి బౌలింగ్ వాడెల్‌ను గుర్తు చేస్తోందని ఒక పత్రికలో రాశారు, అప్పటి నుంచి అతనూ రూబే. 1912లో వరసగా 19 ఆటలు గెలిచాడు. టెక్సాస్ నుంచి వచ్చిన నల్లజాతి ఆటగాడు ఆండ్రూ ఫోస్టర్ కూడా రూబే. వాడెల్‌ను ఒక ఆటలో ఓడించి ఆ పేరు గెలుచుకున్నాడని ఒక కథ ఉంది. తెల్లవాళ్ల లీగుల్లో నల్లవాళ్లకు చోటు లేని రోజుల్లో 1920లో నీగ్రో నేషనల్ లీగ్ పెట్టింది ఈ ఫోస్టరే. అంటే వాడెల్ ఆట వల్ల వెక్కిరింత కాస్తా బిరుదు అయింది. ఒప్పుకుంటాను. కానీ చూడు, బిరుదుగా అనుభవించినవాళ్లు తర్వాత వచ్చినవాళ్లు. మొదట మోసినవాడికి మిగిలింది ఫైరింజన్ కథలే. మీ జట్టులో ఇప్పుడు మొదట మోస్తున్నవాడివి నువ్వు.

నీ టోకెన్ సంగతి చదవగానే నాకు ఇంకో బేస్‌బాల్ ఆటగాడు జో జాక్సన్ గుర్తొచ్చాడు. దక్షిణ కెరొలైనాలో నూలుమిల్లు కార్మికుల ఇంటి పిల్లవాడు. చిన్నప్పుడే మిల్లులో పనికి చేరాడు, చదవడం రాయడం రాదు. గ్రీన్‌విల్‌లో ఆడే రోజుల్లో కొత్త బూట్లు కరిచి పాదాలు బొబ్బలెక్కితే ఒక ఆటలో మేజోళ్లతోనే దిగాడు. చూసినవాళ్లెవరో అరిచారు, ఇంకెవరో రాశారు, బతికినంత కాలం షూలెస్ జో అయిపోయాడు. మేజర్ లీగుల్లో, అంటే అమెరికా బేస్‌బాల్ పై మెట్టులో, అతని బ్యాటింగ్ సగటు .356. బేస్‌బాల్ తెలిసినవాళ్లకు ఆ అంకె చాలు, లేచి నిలబడతారు. బూట్లు లేకుండా ఆడింది ఆ ఒక్కసారే. నువ్వు టోకెన్‌తో తికమకపడిందీ ఒక్కసారే. మర్నాటి నుంచి మెట్రోలో నీ పాటికి నువ్వు తిరుగుతూనే ఉన్నావు కదా.

ఇప్పుడు ఇంకో రకం చెప్తాను. ల్యారీ బర్డ్ పేరు వినే ఉంటావు, బాస్కెట్‌బాల్. ఇండియానా రాష్ట్రంలో ఫ్రెంచ్ లిక్ అనే చిన్న ఊరు అతనిది. 1974లో ఇండియానా యూనివర్సిటీలో సీటు వచ్చింది. వేలమంది చదివే చోటు, తనకంటే డబ్బున్న పిల్లలు. కొన్ని వారాలకే సంచీ సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. ఊరి మునిసిపాలిటీలో పనికి చేరాడు, చెత్త లారీ మీద కూడా వెళ్లాడు. తర్వాత ఇండియానా స్టేట్ అనే వేరే కాలేజీలో చేరి, 1979లో జట్టును ఫైనల్‌కి తీసుకెళ్లాడు. ఆ తర్వాత బోస్టన్ సెల్టిక్స్‌తో 1981, 1984, 1986లో మూడు టైటిళ్లు. ఈ ల్యారీ బర్డ్ తనను తాను ‘హిక్ ఫ్రమ్ ఫ్రెంచ్ లిక్’ అనేవాడు. ఫ్రెంచ్ లిక్ బైతును అన్నట్టే.

మరి బర్డ్‌కి లేని బాధ నీకెందుకు అని మీ కెప్టెన్ అనొచ్చు. రెండు తేడాలు ఉన్నాయి. ఒకటి, ఆ మాటను అతనే తన నోటితో అన్నాడు, కావాలన్నప్పుడు అన్నాడు. రెండోది నాకు ఇంకా ముఖ్యం. ఆ పేరులో ఊరుంది. ఫ్రెంచ్ లిక్ ఎక్కడుందో తెలియనివాళ్లు మ్యాపులో వెతుక్కున్నారు. రూబ్ అంటే ఏ ఊరు? ఏదైనా ఒకటే. బైతు అంటే ఏ ఊరు? మడకశిరయినా, పుంగనూరయినా, పాడేరయినా ఆ పిలిచేవాడికి తేడా లేదు. నిన్ను ఒక ఊరివాడిగా చూడకుండా పట్నం కానివాడిగా మాత్రమే చూసే పేరు అది.

మన దేశంలో ఆటగాళ్లకు అంటుకున్న పేర్లలో నాకు నచ్చినవన్నీ ఊరు ఉన్నవే. పి.టి. ఉషను పయ్యోలి ఎక్స్‌ప్రెస్ అన్నారు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం పోయింది, అయినా కేరళ తీరంలో పయ్యోలి అనే ఊరుందని దేశమంతటికీ తెలిసింది. అస్సాంలో ధింగ్ అనే ఊరి పేరు మనలో ఎంతమంది విన్నాం, 2018లో హిమా దాస్ ఫిన్లాండ్‌లో అండర్-20 ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు గెలిచేదాకా? ధింగ్ ఎక్స్‌ప్రెస్. గుజరాత్‌లో ఇఖర్ నుంచి మునాఫ్ పటేల్, ఇఖర్ ఎక్స్‌ప్రెస్. మైసూరు ఎక్స్‌ప్రెస్ జవగల్ శ్రీనాథ్ సంగతి బెంగళూరులో ఉండేవాడికి నేను చెప్పాలా. (ఈ దేశంలో కాస్త వేగంగా పరిగెత్తినవాళ్లందర్నీ రైళ్లను చేసేస్తారు, అదొక సరదా.) మన తెలుగువాళ్లకే ఎందుకో ఈ అలవాటు తక్కువ. సిడ్నీలో 2000లో మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ కరణం మల్లీశ్వరి. ఆమెది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అని ఆ జిల్లా దాటితే ఎంతమందికి తెలుసు?

విచిత్రం ఏమిటంటే ఊరి పేరు పెట్టుకుని తిరగడం మనకు కొత్తేమీ కాదు. మన ఇంటిపేర్లలో ఎన్ని ఊళ్ల పేర్లున్నాయో లెక్కలేదు. తాతముత్తాతలు ఏనాడో వదిలేసిన ఊరు కూడా పేరుకు ముందు ఇనిషియల్‌గా నడుస్తూనే ఉంటుంది. అందుకని నా సలహా ఇది. టీషర్టు మీద నీ పేరు వేయించుకో. అందరివీ ముద్దుపేర్లు ఉండి నీదొక్కటే మామూలు పేరు అయితే చప్పగా ఉంటుందనుకుంటే, నీ ఊరి పేరు వేయించుకో. మీ అమ్మా నాన్నా గ్యాలరీలో కూర్చుని కొడుకు వీపు మీద చదవడానికి అంతకంటే మంచి మాట నాకు తోచడం లేదు.

ఇంకో సంగతి అనకుండా ఉండలేను. మీరంతా ఆడుతున్నది ఏ ఆట? చెడుగుడు! నిన్న మొన్నటిదాకా పొలం గట్ల మీద, ఎండిన చెరువుల్లో, గుడి ముందు ఇసుకలో ఆడిన ఆట. మ్యాట్ వేసి, బూట్లు తొడిగి, ఫ్లడ్‌లైట్లు పెట్టి టీవీలో చూపించాక పట్నంవాళ్లకు నచ్చింది, సంతోషం. ఆ ఆటలో కూతకు వచ్చినవాణ్ణి పల్లెటూరి బైతు అని పిలవడం నాకైతే నవ్వు తెప్పిస్తోంది. కెప్టెన్‌తో మాట్లాడేటప్పుడు ఇది వాడుకో, వాడికీ నవ్వొస్తుంది.

ఇంతవరకు నీ వైపు నుంచి మాట్లాడాను. ఇప్పుడు కలబురగి కుర్రాడి సంగతి.

“వాడేమీ అనుకోడు” అని రాశావు. ఆ మాట నీకెట్లా తెలుసు? నువ్వేమీ అనుకోవని మీ కెప్టెన్ కూడా ఇన్నాళ్లూ ఇంకొకరితో అట్లాగే చెప్పి ఉంటాడు. ఇన్ని నెలలు నువ్వు నవ్వుతూనే ఉన్నావు కదా, వాడికి మాత్రం ఎట్లా తెలుస్తుంది? ఆ అబ్బాయి ఇంట్లో పొద్దున్నే తట్టే రొట్టె మీకు ముద్దుపేరు అయింది. నీ ఉత్తరంలో నీ పేరు గురించి పేజీ నిండా ఉంది, అతని పేరు గురించి ఒక్క ముక్క ఉంది.

పల్లె నుంచి వచ్చినవాడు కాబట్టి ఇంకొకణ్ణి నొప్పించడనే నమ్మకం నాకు లేదు. ఈనోస్ స్లాటర్ అని ఒక బేస్‌బాల్ ఆటగాడు ఉండేవాడు, ఉత్తర కెరొలైనా పల్లె మనిషి. అతని ముద్దుపేరే కంట్రీ. 1946 వరల్డ్ సిరీస్ చివరి ఆటలో ఫస్ట్ బేస్ నుంచి ఆగకుండా పరిగెత్తి గెలుపు పరుగు తెచ్చాడు, ఆ పరుగు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మర్నాటి ఏడే మేజర్ లీగుల్లోకి జాకీ రాబిన్సన్ వచ్చాడు. అంతకు ముందు కొన్ని దశాబ్దాలుగా నల్లజాతివాడెవరూ ఆడని చోటు అది. ఆ సీజన్లోనే స్లాటర్ బూటు మేకులు రాబిన్సన్ కాలి మీద పడ్డాయి. కావాలని తొక్కలేదని స్లాటర్ అన్నాడు, కావాలనే తొక్కాడని చాలామంది నమ్మారు. ఏది నిజమైనా, పల్లెటూరివాడని పిలిపించుకున్నంత మాత్రాన పక్కవాడి మీద జాలి దానంతటదే పుట్టుకురాదని నా ఉద్దేశం.

మన ఊళ్లు మాత్రం పేర్లు పెట్టడంలో తక్కువ తిన్నాయా? కుంటోడు, నత్తోడు, నల్లోడు, మెల్లకన్నోడు. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజిని చిన్నప్పుడు ఊళ్లోవాళ్లే కోతి అని వెక్కిరించారని ఆమె తల్లిదండ్రులే చెప్పుకున్నారు. ఆ అమ్మాయి 2024లో కోబేలో పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పతకం వచ్చాక ఆ పేరు పెట్టినవాళ్లు ఏమయ్యారో గానీ, పతకం రాని పిల్లలు ఊరికి ఎంతమంది ఉంటారు?

కాబట్టి కెప్టెన్ దగ్గరికి వెళ్లేముందు ఆ అబ్బాయి దగ్గరికి వెళ్లు. నలుగురిలో వద్దు, మెస్‌లోనో ప్రాక్టీసు నుంచి వచ్చేటప్పుడో పక్కకు తీసుకుని, “టీషర్టు మీద నీకు ఏం వెయ్యమంటావు?” అని అడుగు. క్షమాపణలూ పెద్ద మాటలూ అక్కర్లేదు. నిజంగానే ఆ పేరు ఇష్టమంటే అది అతని ఇష్టం, వదిలెయ్యి. కాస్త ఆగి “ఏదైనా పర్లేదు” అంటే మాత్రం ఆ ఏదైనాకు అర్థం నీకు బాగా తెలుసు.

ఆ తర్వాత కెప్టెన్. వాట్సాప్ గ్రూపులో పెట్టకు. గ్రూపులో పెడితే వాడు జోకు వెయ్యక తప్పదు, మిగతావాళ్లు నవ్వే బొమ్మలు పెట్టక తప్పదు, నువ్వు ఇంకా ఇరుక్కుంటావు. శుక్రవారం లోపల ఒంటరిగా దొరకబుచ్చుకుని తెలుగులో చెప్పు. మీ ఇద్దరికీ ఆ మాట బరువు తెలుసు, అది అనుకూలమే. ఏడుపు గొంతు వద్దు, గొడవ గొంతూ వద్దు. “రేయ్, ప్రాక్టీసులో నీ ఇష్టం. టీషర్టు మీద మాత్రం మా ఊరి పేరు వెయ్యి. మైకులో నా పేరు చెప్పించు. అది వింటే రైడ్‌లో కాలు ఆగిపోతోంది” అను. చివరి ముక్క తప్పకుండా చెప్పు. నీ మనసు సంగతి వాడికి పట్టకపోవచ్చు గానీ, పాయింట్లు పోతున్నాయంటే ఏ కెప్టెనైనా వింటాడు. మా అమ్మా నాన్నా వస్తున్నారు, అందుకని వద్దు అని మాత్రం అనకు. వాళ్లు రాని మ్యాచ్‌కి అయితే పర్లేదా అన్న ప్రశ్న వస్తుంది, అప్పుడు నీ దగ్గర జవాబు ఉండదు.

కన్నడం కుర్రాళ్ల సంగతి ఇంకా తేలిక. మడకశిరవాడివి, దాదాపు మూడు వైపులా కర్ణాటకే, కన్నడం నీకు కొత్తేమీ కాదు. వాళ్లకు దాని అర్థం ఇదీ అని వాళ్ల భాషలోనే ఒక్కసారి చెప్పు. వాళ్లు అది నీ పేరనుకుని పిలుస్తున్నారు తప్ప వెక్కిరించడం లేదు. తెలిసిన మర్నాటి నుంచి చాలామంది మానేస్తారు. మానని ఒకరిద్దరిని పట్టించుకోకు.

మైకు విషయంలో ఒక చిన్న పని నీ చేతిలోనే ఉంది. టోర్నమెంటులో మ్యాచ్ ముందు స్కోరర్ల బల్ల దగ్గర జట్టు జాబితా ఇస్తారు కదా, చెస్ట్ నంబరు, పేరు. మైకులో మాట్లాడేవాడు చూసి చదివేది దాన్నే. ఈసారి ఆ జాబితా రాసే పని నువ్వు తీసుకో. నీ పేరు పూర్తిగా రాయి, కలబురగి అబ్బాయిది కూడా పూర్తిగా రాయి, అందంగా, చదవడానికి వీలుగా రాయి. వీలైతే బల్ల దగ్గరికి నువ్వే వెళ్లి ఇచ్చిరా.

కెప్టెన్ వినకపోతే మీ పీడీ సార్‌కి చెప్పు. అది చాడీలు చెప్పడం కిందికి రాదు, జట్టు బట్టల మీద ఏం ఉండాలో చూడటం ఆయన పనే. యూజీసీ ర్యాగింగ్ నిబంధనలు 2009లో వచ్చాయి. 2016లో సవరించినప్పుడు కులం, రంగులతో పాటు పుట్టిన ఊరు, ప్రాంతం, భాష, ఆర్థిక స్థితి చూపించి ఒకణ్ణి వేధించడాన్ని కూడా ర్యాగింగ్ కింద చేర్చారు. మీ కెప్టెన్ చేసింది అంత దూరం వెళ్లిందని నేను అనడం లేదు, ఆ కాగితం ఇప్పుడు తియ్యనక్కర్లేదు. అయితే రేపు బైతు పోయి దాని చోట కులం పేరు వచ్చిందనుకో, లేదా వద్దన్నందుకు నిన్ను ఆడనివ్వకుండా బెంచీ మీద కూర్చోబెట్టారనుకో, అప్పుడు ముద్దుపేర్ల ముచ్చట అయిపోయినట్టే. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు.

యాస మార్చుకోమన్నారన్నావు. ఎందుకు? మీ జట్టులో కూత అందరిదీ ఒకటే మాట, దానికి యాస ఉండదు. క్లాసులో, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు అవసరమైతే ఇంగ్లీషు నేర్చుకో, బాగా నేర్చుకో. మీ అమ్మతో మాట్లాడే తెలుగును మాత్రం మారతహళ్లి తెలుగు చెయ్యనక్కర్లేదు. అదేమంత గొప్ప తెలుగు కూడా కాదు, నేను రోజూ వింటూనే ఉన్నాను.

దసరా టోర్నమెంటు అయ్యాక ఎట్లా ఆడావో రాయి. ఆ కలబురగి అబ్బాయి ఏమన్నాడో కూడా రాయి.